పది రోజుల నీళ్లు

గుడివాడలో ఒక ఆడపిల్లల హాస్టల్ వంటశాల నా చేతిలో ఉండేది. నూట ఇరవై మందికి మూడు పూటలా ఏమేం కావాలో కాగితం చూడకుండా చెప్పేదాన్ని. గంగాళం అడుగున అన్నం మిగిలితే ఆ పూటకి నా అంచనా తప్పినట్టే. అలా తప్పడం నాకు అరుదు. ఆ సంగతి అందరికీ తెలుసు, అందరికన్నా ఎక్కువ నాకే తెలుసు. అందుకే సముద్రం మీద వెళ్లే ఆరుగురికి సరుకుల జాబితా రాసిపెట్టమని అన్నయ్య కబురు పెట్టినప్పుడు, ఇదేం పెద్ద పని అనుకున్నాను.

అన్నయ్య బందరులో సరంగు. గిలకలదిండి హార్బరు నుంచి వేటకి వెళ్లే మరబోటుని నడిపే మనిషి. మా సొంతూరు దివిసీమలో నాగాయలంక అవతల. డెబ్బై ఏడు ఉప్పెనలో అమ్మా నాన్నా పోయారు. అప్పటికి అన్నయ్యకి పదిహేడేళ్లు, నాకు తొమ్మిది. నన్ను పెంచింది, చదివించింది, గుడివాడలో ఉద్యోగంలో చేరినప్పుడు ట్రంకుపెట్టె మోసుకొచ్చి దించింది అన్నయ్యే. ఏనాడూ నన్ను ఏదీ అడగని మనిషి మొదటిసారి ఒక పని అడిగాడు.

ఏప్రిల్ నెల. పరీక్షలు అయిపోయి హాస్టల్ మూసేశారు. నేను బస్సెక్కి చిలకలపూడిలో అన్నయ్య ఇంటికి వెళ్లాను. వదిన వసారాలో కూర్చుని రోల్డుగోల్డు గొలుసులకి కొక్కేలు అతుకుతోంది. నన్ను చూసి తలెత్తకుండానే, "వచ్చావా అమ్మాయ్. మీ అన్నయ్యకి చెప్పు, ఈ వయసులో కొత్త సముద్రాలు అక్కర్లేదని," అంది.

పోర్టుబ్లెయిర్‌లో స్థిరపడిన మన తెలుగాయన ఒకరు గిలకలదిండిలో కొత్త బోటు కొన్నారు. దాన్ని అక్కడికి చేర్చాలి. అన్నయ్యతో పాటు ఇంజను మాస్టరు, బోటు పనికి నలుగురు కళాసీలు. ఐదు రోజుల దారి. మా వైపు బోట్లు వేటకి మహా అయితే మూడు నాలుగు రోజుల దూరం వెళ్తాయి. ఏం తేడా వచ్చినా పడమరకి తిప్పితే ఎక్కడో ఒక చోట మన ఒడ్డు తగులుతుంది. బంగాళాఖాతాన్ని అడ్డంగా దాటడం మాత్రం అన్నయ్యకి కూడా అదే మొదలు. మధ్యలో ఆగితే చుట్టూ నీళ్లే. బోటులో ఉన్న వైర్‌లెస్ సెట్టు ఒడ్డుకి కాస్త దూరం పోతే ఇక పనిచెయ్యదు.

మర్నాడు పొద్దున్నే బోటు దగ్గరికి వెళ్లాం. కొత్త చెక్క, కొత్త రంగు వాసన. ఇంజను మాస్టరు ముందే వచ్చి పని చేసుకుంటున్నాడు. బందరు ముస్లిం, యాభై దాటిన మనిషి, అన్నయ్యని బావా అని పిలిచేవాడు. ఫ్యాను బెల్టులు, డీజిలు ఫిల్టర్లు, నట్లు, బోల్టులు, గ్రీజు డబ్బా అన్నీ గోనెపట్టా మీద పరుచుకుని ఒక్కొక్కటే తుడిచి సంచిలో వేస్తున్నాడు. "ఏది మర్చిపోతే అదే విరుగుద్దమ్మా. అందుకని ఏదీ మర్చిపోకూడదు," అన్నాడు నాతో.

నేను రాసుకొచ్చిన జాబితా చదివాను. బియ్యం, కందిపప్పు, బంగాళదుంపలు, ఉల్లిపాయలు, అటుకులు, బెల్లం, ఎండురొయ్యలు, ఆవకాయ జాడీ, గోంగూర పచ్చడి, ఉప్పు ఐదు కిలోలు. అన్నయ్య డీజిలు పీపా మీద కూర్చుని విన్నాడు.

"ఆవకాయ తీసెయ్, చెల్లాయ్."

"పచ్చడి లేకుండా మీ కళాసీలకి ముద్ద దిగిద్దా?"

"కారం తింటే నీళ్లెక్కువ తాగుతారు. ఎండురొయ్యలు కూడా ఒద్దు. నిమ్మకాయలు రాయి, ఎన్ని దొరికితే అన్ని. వాంతులు పట్టుకుంటే నోట్లోకి పులుపు తప్ప ఇంకేం పోదు."

అలా ఒక్కొక్కటే దిద్దించాడు. బెల్లం పెంచాడు. బంగాళదుంపలు సగం చేశాడు, తేమకి కుళ్లిపోతాయని. అగ్గిపెట్టెలు మూడు చోట్ల, మూడు వేరు వేరు డబ్బాల్లో పెట్టమన్నాడు. కిరసనాయిలు స్టవ్వుకి తోడు రెండోది ఉండాలన్నాడు. నేను వంటకి ఏం కావాలో రాస్తే, అన్నయ్య వంట కుదరని రోజుకి ఏం కావాలో రాయించాడు. నాకు కొంచెం చిన్నతనంగా అనిపించింది. నూట ఇరవై మందికి వండించేదాన్ని, నా జాబితాలో సగం కొట్టేశాడు.

గొడవ నీళ్ల దగ్గర వచ్చింది.

వేసవిలో కాలవలు కట్టేస్తారు. బందరు కుళాయి నీళ్లు అప్పటికే ఉప్పగా వస్తున్నాయి. గుడివాడ నుంచి మంచినీళ్లు వ్యానులో తెప్పించాలని అన్నయ్య ముందే అనుకున్నాడు. తాగడానికీ వంటకీ కలిపి ఆరుగురికి రోజుకో క్యాను. అంటే ముప్పై లీటర్లు. అన్నయ్య పదిహేను క్యాన్లు రాయమన్నాడు.

అప్పటికి బోటు కొన్నాయన కూడా వచ్చి నిలబడి ఉన్నారు. ఆయన ఎనిమిది బేళ్ల కొత్త వలలు అదే బోటులో పంపాలనుకుంటున్నారు. దీవుల్లో అవి దొరకవట. "సరంగు గారూ, ఐదు రోజుల దారికి పదిహేను రోజుల నీళ్లేంటండీ? వలలు ఎక్కడ పెడతాం?" అన్నారు మర్యాదగానే.

ఇంజను మాస్టరు కూడా తల గోక్కుని, "డీజిలు పీపాలతోనే ఎనక బరువెక్కువైంది బావా," అన్నాడు.

అన్నయ్య సముద్రం వైపు చూస్తూ కూర్చున్నాడు. ఉప్పెన తగ్గాక అన్నయ్య తెల్లవారుజామున బిందె పట్టుకుని నీళ్ల కోసం వెళ్లి మర్నాడు సాయంత్రానికి గాని తిరిగి రాలేదు. ఊరి చుట్టూ నీళ్లే, నోట్లో పోసుకోవడానికి చుక్క లేదు. దాని గురించి ఆయన ఎప్పుడూ చెప్పుకునేవాడు కాదు. ఆ రోజు కూడా చెప్పలేదు. నాకైనా అది గుర్తుకు రావాలి కదా. రాలేదు. నా ధ్యాసంతా ఎదురుగా ఉన్న చిక్కుని విప్పడం మీదే ఉంది. సగం జాబితా కొట్టేశాడన్న ఉక్రోషం కూడా లోపల ఎక్కడో ఉంది.

"పది చాలన్నయ్యా," అన్నాను. "ఐదు రోజుల దారి, ఐదు రోజులు అదనం. రెట్టింపు. ఏ వంటశాలలోనైనా రెట్టింపు పెట్టుకుంటే ఇంకేం భయం లేదు."

కొన్నాయన మొహం వికసించింది. "మేడమ్‌గారు చెప్పారు కదండీ, లెక్కలు తెలిసినవారు," అన్నారు. ఇంజను మాస్టరు తలూపాడు. అన్నయ్య నా వైపు చూశాడు. కోపంగా కాదు. పదిమందిలో చెల్లెలి మాట కాదంటే ఎలా అని తటపటాయించాడని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు మాత్రం ఒప్పుకున్నాడనే అనుకున్నాను.

"సరే, పది రాయి," అన్నాడు.

మూడో రోజు పొద్దున సముద్రం పోటు మీద ఉండగా బయల్దేరారు. వదిన హార్బరుకి రాలేదు. నేనే కొబ్బరికాయ కొట్టాను. పది నీలం క్యాన్లు వరసగా కట్టి ఉన్నాయి. పక్కనే వలల బేళ్లు, వాటి పక్కన డీజిలు పీపాలు. బోటు కాలువ దాటి పెద్ద నీళ్లలోకి వెళ్లి, మెల్లగా చుక్కంత అయ్యేదాకా నిలబడ్డాను. ఇంటికొచ్చి, మిగిలిపోయిన ఆవకాయతో అన్నం తిన్నాను.

చేరగానే ఫోన్ చేస్తానన్నాడు. మా ఇంట్లో ఫోన్ లేదు. సందు చివర ఎస్టీడీ బూత్ ఆయన కబురు చెప్పేవాడు. ఐదో రోజు ఫోన్ రాలేదు. ఒక రోజు అటూ ఇటూ అవడం మామూలే. ఆరో రోజు రాలేదు. ఏడో రోజు సాయంత్రం ఫోన్ వచ్చిందని ఆయన పరుగెత్తుకొచ్చాడు. వదినా నేనూ చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లాం. అవతల ఉన్నది బోటు కొన్నాయన. ఆయన మద్రాసు నుంచి విమానంలో ముందే చేరిపోయారు. "బోటు ఇంకా రాలేదండీ. అక్కడికేమైనా కబురొచ్చిందేమోనని..." అన్నారు.

వదిన ఫోన్ పెట్టేసి ఇంటికి వచ్చి మళ్లీ పనిలో కూర్చుంది. ఆ రోజు ఆమె అతికిన కొక్కేలన్నీ వంకర పోయాయి. మర్నాడు వాటిని విడదీసి మళ్లీ అతికింది.

ఎనిమిదో రోజు హార్బరులో ఆఫీసుకి వెళ్లాను. అక్కడున్నాయన బోటు వివరాలు రాసుకుని, కబురు అందరికీ పంపుతామని, దారిలో వెళ్లే ఓడలకి చెబుతామని అన్నాడు. మంచిగానే మాట్లాడాడు. "తిండీ నీళ్లూ ఎన్నాళ్లకి ఉన్నాయమ్మా?" అని అడిగాడు.

"పది రోజులకి," అన్నాను.

ఆయన ఆ అంకె రాసుకున్నాడు.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయంటే, నేను ఇంట్లో లేను, బోటులో ఉన్నాను. పొద్దున్న లేవగానే, ఇవాళ తొమ్మిదో క్యాను విప్పి ఉంటారు అనుకునేదాన్ని. ఉల్లిపాయలు అయిపోయి ఉంటాయి. అటుకులు మిగిలి ఉంటాయి, కానీ అటుకులు తడపడానికి కూడా నీళ్లు కావాలి. వదిన నాకు కాఫీ ఇస్తే గ్లాసు పట్టుకుని కూర్చునేదాన్ని. హాస్టల్లో లెక్క తప్పితే ఒక పూట అన్నం మిగులుతుంది, లేదా కొంచెం తక్కువవుతుంది, వెంటనే ఇంకో ఎసరు పెడతాం. ఇక్కడ ఇంకో ఎసరు లేదు.

పదో రోజు మధ్యాహ్నం వదినకి చెప్పేశాను. ఆమె గొలుసులు డబ్బాలో సర్దుతోంది.

"వదినా, అన్నయ్య పదిహేను క్యాన్లు అడిగాడు. నేనే పదికి తగ్గించాను."

ఆమె చేతులు ఆగాయి. తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

"ఎవరడిగారు తగ్గించమని?"

"ఎవరూ అడగలేదు. వలలకి చోటు లేదన్నారు. నేనే చెప్పాను, పది చాలని."

"ఆయన ఒప్పుకున్నాడా?"

"సరే అన్నాడు."

వదిన డబ్బా మూత పెట్టింది. లేచి వెళ్లి క్యాలెండరు పక్కన వేలాడుతున్న పెన్సిలు తెచ్చి నా ముందు పెట్టింది. "నువ్వు లెక్కలు కట్టేదానివి కదా. కట్టు. వంట మానేసి నీళ్లు తాగడానికే వాడితే ఎన్నాళ్లు వస్తాయి?"

"రోజుకి సగం క్యానులో గడపొచ్చు. ఇంకా తక్కువలో కూడా బతకొచ్చు. కానీ మొదటి రోజు నుంచీ అలా వాడితేనే. ఐదు రోజులూ మామూలుగా వాడేసి ఉంటే..."

"వాడడు," అంది వదిన. "మీ అన్నయ్య ఇంట్లో చెంబుడు నీళ్లతో మొహం కడుక్కుని కాళ్లు కూడా కడుక్కుంటాడు. ఒలకబోస్తే నన్నే తిడతాడు. మొదటి రోజు నుంచీ సగమే వాడి ఉంటాడు. అలా కట్టు."

కాగితం మీద కట్టాను. ఇరవై రోజులు వచ్చింది. వదిన ఆ కాగితం తీసుకుని మడిచి జాకెట్లో దోపుకుంది. ఆ ఇరవై నిజమని ఇద్దరికీ నమ్మకం లేదు. అయినా ఆ సాయంత్రం ఇద్దరం కలిసి అన్నం తిన్నాం. మూడు రోజుల తర్వాత అదే మొదటిసారి.

పదకొండు. పన్నెండు. కళాసీల ఇళ్ల నుంచి ఆడవాళ్లు వచ్చి వసారాలో కూర్చునేవాళ్లు. ఇంజను మాస్టరు భార్య రోజూ పొద్దున వచ్చి, ఏమైనా తెలిసిందా అని అడిగి, తెలియలేదంటే వదిన పక్కన కూర్చుని గొలుసులు చిక్కు తీసేది. నీళ్లు నేనే తగ్గించానని వాళ్లెవరికీ తెలియదు. చెప్పడానికి నాకు ధైర్యం చాలలేదు.

పద్నాలుగో రోజు పదకొండింటికి బూత్ ఆయన వచ్చాడు. ఈసారి పరుగెత్తలేదు, సందు మొదట్లోంచే చెయ్యి ఊపుతూ అరుచుకుంటూ వచ్చాడు. "ఉన్నారంట! అందరూ ఉన్నారంట!" వదిన ఫోన్ తీసుకుంది. రెండు నిమిషాలు ఊ, ఊ అంది. తర్వాత ఫోన్ నా చేతికిచ్చి బూత్ గోడకి చేరబడి కూలబడిపోయింది.

అన్నయ్య గొంతు గీసుకుపోయి వేరే ఎవరి గొంతులాగో ఉంది. "గేరుబాక్సు పోయింది, చెల్లాయ్. ఫోనులో ఎట్టా చెప్పేది. వచ్చాక చెప్తాలే. మాస్టరుకి బాగాలేదు, ఆసుపత్రిలో పెట్టాం. ఆయనింటికి నువ్వే వెళ్లి చెప్పు. మెల్లగా చెప్పు."

అన్నయ్య ఓడలో విశాఖపట్నం దిగి, బస్సులో ఇంటికి చేరేసరికి ఇంకో పది రోజులు పట్టింది. సగం మనిషి అయ్యాడు. పెదాలు పగిలి నల్లగా ఉన్నాయి. రెండు రోజులు నిద్రపోయాడు. మూడో రోజు వసారాలో కూర్చుని, నా జాబితా అడిగి తీసుకుని, అది చూస్తూ చెప్పడం మొదలుపెట్టాడు.

నాలుగో రోజు సాయంత్రం గేరుబాక్సులో చప్పుడొచ్చి ఇంజను తిరుగుతున్నా బోటు కదలడం మానేసింది. దానికి కావలసిన సామాను సంచిలో లేదు. అది ఎవరూ వెంట పెట్టుకునే వస్తువు కాదు. ఇంజను బలం పోయాక బోటు అలలకి అడ్డం తిరిగిపోయింది. ఆ ఊపుకి ఒక డీజిలు పీపా కట్టు తెంచుకుని క్యాన్ల మీద పడింది. నాలుగు క్యాన్లు పగిలాయి. అప్పటికి వాడింది మూడు. మిగిలింది మూడు.

"మొదటి రోజు నుంచే మగ్గు నా దగ్గర పెట్టుకున్నా," అన్నాడు. "కళాసీలు గొణుక్కున్నారు. ఇంజను బాగానే నడుస్తుంటే సరంగుకి ఏం పిచ్చని."

టార్పాలిను పట్టాని వెదురుకి కట్టి తెరచాపలాగా ఎత్తారు. గాలి నైరుతి నుంచి కొడుతోంది. అది తోసినట్టల్లా ఈశాన్యానికి పోయారు. అన్నాన్ని మూడొంతుల మంచినీళ్లకి ఒక వంతు సముద్రపు నీళ్లు కలిపి వండుకున్నారు.

"నీ ఐదు కిలోల ఉప్పు సంచి విప్పనే లేదు, చెల్లాయ్," అని నవ్వబోతే పెదవి చిట్లి రక్తం వచ్చింది. బెల్లం, నిమ్మకాయలు కాపాడాయన్నాడు. కందిపప్పు ఉడకడానికి నీళ్లు ఎక్కువ తాగుతుందని ముట్టుకోలేదు. చివరికి మనిషికి రోజుకి నాలుగు గ్లాసులు. ఇంజను మాస్టరుకి తొమ్మిదో రోజు నుంచి మూత్రం ఆగిపోయింది, నడుం పట్టుకుని పడుకునేవాడు. పదమూడో రోజు పొద్దున ఉత్తర దీవుల వైపు నుంచి వచ్చిన చేపల బోటు కనిపించింది. వాళ్లు తాడేసి లాక్కెళ్లారు. క్యానులో అప్పటికి మిగిలింది రెండు చెంబులు.

నేను వింటున్నంతసేపూ నేల చూస్తూ ఉన్నాను. ఆయన ఆగాక, "పదిహేను ఉంటే ఇంత జరిగేది కాదు కదా అన్నయ్యా?" అన్నాను.

లేదు, ఫర్వాలేదు అంటాడని ఆశపడ్డాను. అన్నయ్యకి అబద్ధం చెప్పడం రాదు.

"ఉంటే బాగుండేది. పదిహేనుంటే ఐదు ముందు గదిలో పెట్టేవాణ్ణి. అవి పగిలేవి కాదు. మాస్టరుకి ఆ బాధ తప్పేదేమో," అన్నాడు. కొంచెం ఆగి, "కానీ సరంగుని నేను. నువ్వు పది అంటావు, బోటు కొన్నాయన ఐదు అంటాడు. ఎన్ని ఎక్కించాలో చెప్పాల్సింది నేను. నాకు తెలిసి కూడా నోరు మూసుకున్నా. అది నీ మీద ఎట్టా వేస్తాను?" అన్నాడు.

వదిన లోపల్నుంచి వచ్చి, "ఇద్దరూ పంచుకోండి," అని మజ్జిగ గ్లాసులు మా ముందు ఠక్కున పెట్టి వెళ్లిపోయింది.

ఇంజను మాస్టరు మూడు వారాలు ఆసుపత్రిలో ఉన్నాడు. బతికి బయటపడ్డాడు గాని మళ్లీ బోటెక్కలేదు. గుడివాడలో బంధువుల షెడ్డులో మోటార్లు బాగుచేసే పని పెట్టుకున్నాడు. ఆ ఏడు ఆగస్టులో మా హాస్టల్ పిండి గ్రైండరు ఆగిపోతే ఆయన్నే పిలిపించాను. వంటశాలలో నేల మీద కూర్చుని మోటారు విప్పుతుంటే, నాలుగు నెలలుగా లోపల దాచుకున్నది చెప్పేశాను. నీళ్లు తగ్గించమంది నేనేనని, ఆయన భార్య రోజూ మా వసారాలో కూర్చున్నప్పుడు కూడా చెప్పలేకపోయానని.

ఆయన స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు. "నేనక్కడే ఉన్నాను కదమ్మా. నాకు తెలియనిదేంటి?"

"మీరేం అనలేదు కదా, అందుకని..."

"ఏమంటాను? ఎనక బరువెక్కువైందన్నది నేనేగా. అందరం తలో చెయ్యీ వేశాం." నడుం మీద చెయ్యి పెట్టుకుని కొంచెం కదిలి కూర్చున్నాడు. కూర్చోవడం ఇప్పటికీ ఇబ్బందేనని తెలుస్తోంది. "కోపం రాలేదని అనను. పడవలో పడుకున్నప్పుడు వచ్చింది. మీ మీద, ఆ వలలాయన మీద, నా మీద. ఇంటికొచ్చాక తగ్గింది. మొత్తం పోలేదు."

ఆయన మళ్లీ స్క్రూడ్రైవరు తీసుకున్నాడు.

"బేరింగు పోయిందమ్మా. ఇవాళ అవ్వదు. పిల్లలకి రేపటికి ఇడ్లీ ఒద్దని చెప్పండి, ఉప్మా చేయించండి," అన్నాడు.

వంటమనిషిని పిలిచి నూట ఇరవై మందికి రవ్వ ఎంత తియ్యాలో చెప్పబోయాను. అంకె నోటి దాకా వచ్చింది. ఆగి, "నువ్వెంతనుకుంటున్నావు?" అని ఆమెనే అడిగాను.